ముందు మాలీషు, తర్వాత జీను

ఫిబ్రవరి 9

వచ్చేశాం. పెట్టెలు ఇంకా విప్పలేదు. నా కళ్ళజోడు ‘వంటింటి సామాను, పగిలేవి’ అని రాసిన అట్టపెట్టెలో దొరికింది. నన్ను కూడా అందులోనే సర్ది ఉంటే సరిపోయేది.

ఇంటి వెనక గోల్ఫ్ మైదానం. ఇంటి ముందు రోడ్డు దాటి కాస్త నడిస్తే గుర్రపుశాల. ఈ రెండింటి మధ్య మనుషులకు కావలసిన వస్తువేదీ దొరకదు.

అల్లుడుగారు కిటికీలన్నీ బార్లా తెరిచి, “ఈ గాలి చూడండి అత్తయ్యగారూ!” అన్నారు. గాలిని ముప్పై ఏళ్ళు చూశాను. వాతావరణ శాఖలో నా ఉద్యోగమే అది. ఈ గాలిలో గడ్డి మందు వాసన వస్తోందని చెప్పలేదు. మొదటి రోజే ఎందుకులే అని.

ఫిబ్రవరి 10

నిద్ర పట్టలేదు. కొత్త గది. అంతే.

ఫిబ్రవరి 12

మా అమ్మాయి ఎవరితోనో ఫోనులో చెబుతోంది: “పాప కోసమే మారాం. దానికి గుర్రాలంటే ప్రాణం. ఈయన గోల్ఫ్ కూడా కలిసొచ్చింది.” నా పేరు రాలేదు. రావలసిన అవసరం ఏముంది? నేను సామానుతోపాటు వచ్చాను.

పాప అంటే నా మనవరాలు. పన్నెండేళ్ళది. సన్నగా, రుయ్యిమంటూ తిరుగుతుంది, దగ్గరికెళ్తే కుడుతుంది. నేను కందిరీగ అంటాను.

పోయిన అక్టోబరులో, పాత చోట క్లబ్బులో గుర్రం మీంచి పడింది. కాలు జీనుకు వేలాడే రికాబులో ఇరుక్కుని ఈడ్చుకుపోయింది. గుర్రాన్ని ఆపారు. పిల్ల లేచి, మట్టి దులుపుకుని, మళ్ళీ ఎక్కింది. చూస్తున్నవాళ్ళంతా చప్పట్లు. నేనూ కొట్టాను. ఆ సాయంత్రమే అల్లుడుగారు, “పడి లేచి ఎక్కిందంటే మాటలా! అది రక్తంలో ఉండాలి. మంచి గుర్రపుశాలలున్న చోటికి వెళ్ళిపోదాం” అన్నారు. ఎవరి రక్తంలో ఉందో నాకు తెలియదు. ఆయన వంశంలో గుర్రాన్ని క్యాలెండరులో చూసినవాళ్ళే ఎక్కువ. ఆయన ఉద్యోగం బీమా కంపెనీలో. ఇతరుల ప్రమాదాలకు వెల కడతారు.

ఇల్లు మారడం గురించి అందరం కూర్చున్న రోజు నేను, “గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదు” అన్నాను. అందరూ నవ్వారు. ఆ సామెత చెప్పకుండా ఉండవలసింది. సామెత చెప్పిన మనిషి మాట ఎవరూ వినరు. సామెతను మెచ్చుకుని వెళ్ళిపోతారు.

ఫిబ్రవరి 15

పెరట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నాను. గోల్ఫ్ బంతి వచ్చి నా పక్కనున్న పూలతొట్టిని బద్దలు కొట్టింది. జానెడు ఇటు పడి ఉంటే ఈ డైరీ ఇక్కడితో ముగిసేది.

కంచె అవతల నుంచి ఒకాయన వచ్చాడు. తల మీద పెద్ద తెల్ల టోపీ. “క్షమించాలమ్మా. గాలి తిప్పేసింది.”

“ఇవాళ గాలి లేదు నాయనా. ఆకు కదలడం లేదు. మీ చెయ్యే తిప్పింది.”

ఆయన టోపీ తీసి నవ్వి, మళ్ళీ పెట్టుకున్నాడు. మా అల్లుడుగారితో కలిసి ఆడేది ఈయనేనట. గుర్రపుశాలలో ఈయనవి గుర్రాలున్నాయట. “మీవాళ్ళు మంచి చోటికి వచ్చారమ్మా, పిల్లలు గుర్రాలతో పెరగాలి” అని చెప్పి వెళ్ళాడు. తొట్టి గురించి ఏమీ అనలేదు.

కుర్చీని గోడ వారకు జరిపాను. భయంతో కాదు. అక్కడ నీడ బాగుంటుంది.

ఫిబ్రవరి 20

ఇక్కడ బస్సు ఉంది గానీ ఎప్పుడో వస్తుంది, వచ్చాక ఎక్కువసేపు ఉండదు. దాన్ని బస్సు అనరు, చుట్టం అంటారు.

ఫిబ్రవరి 24

మా అమ్మాయి పళ్ళ డాక్టరు. క్లినిక్ ఇప్పుడు దూరమైపోయి, చీకటి పడ్డాక గానీ ఇల్లు చేరదు. తలుపు దగ్గరే చెప్పులు విప్పుతూ అడుగుతుంది: “ఇవాళ గుర్రం ఎలా ఉంది బంగారం?”

“బాగానే.”

“గుడ్.”

అయిపోయింది. రోజంతా పరాయివాళ్ళ నోళ్ళు తెరిపించే మనిషి, సొంత పిల్ల నోరు తెరవడానికి ఒక్క మాటతో సరిపెట్టుకుంటుంది. అలిసిపోతుంది పాపం. నేను మాత్రం అడిగానా?

బట్టలు నేనే ఉతుకుతున్నాను, చేతులకు పని ఉండాలి కదా. కందిరీగ గుర్రపు ప్యాంట్లు ఉతకడం తేలికైంది. పాత చోట మోకాళ్ళ లోపలి వైపు, కూర్చునే చోట జీను తోలు రంగు ఎక్కేది, ఎంత రుద్దినా పోయేది కాదు. ఇప్పుడు చొక్కా నిండా గడ్డి, గుర్రపు వెంట్రుకలు ఉంటున్నాయి. ప్యాంటుకు మాత్రం జీను మరక లేదు. సబ్బు మంచిదై ఉండాలి.

ఫిబ్రవరి 25

సబ్బు అదే.

ఫిబ్రవరి 28

మోకాలికి పట్టీ కట్టుకుని గుర్రపుశాలకు నడిచి వెళ్ళాను. ఎవరికీ చెప్పలేదు. చెబితే కారు వస్తుంది. కారు వెనక ప్రశ్నలు వస్తాయి. అల్లుడుగారు గోల్ఫులో, అమ్మాయి క్లినిక్కులో, కందిరీగ పొద్దున్నుంచీ అక్కడే.

నేననుకున్నంత కంపు లేదు. పొడుగ్గా రెండు వరసల గదులు, ఒక్కో తలుపు మీదుగా ఒక్కో దిగులు మొహం. మా పాత ఆఫీసు గుర్తొచ్చింది.

గుర్రపు పంతులమ్మ ఎదురొచ్చింది. పిల్లలకు స్వారీ నేర్పేది ఈవిడే. మోచేతుల దాకా దుమ్ము, మెడలో ఈల.

“మీరు పాప అమ్మమ్మగారు కదూ? ముక్కు చూసి పోల్చుకున్నాను.”

“ముక్కు వరకే నాది. మిగతాదానికి వాళ్ళ నాన్నది పూచీ.”

ఆవిడ పగలబడి నవ్వింది. చేతులు ప్యాంటుకు తుడుచుకుంటూ, “మీ ఇంటి పద్ధతి నాకు భలే నచ్చిందమ్మా” అంది. “అందరూ చేర్చిన రోజే ఎక్కించమంటారు. మీరు మాత్రం రెండు నెలలపాటు ముందు మాలీషు, తర్వాత జీను అన్నారట. గుర్రం ఒళ్ళు తెలియకుండా గుర్రం ఎక్కకూడదని మీరే అన్నారటగా?”

నేనే అన్నానట.

నిజం చెప్పడానికి అప్పుడొక సందు దొరికింది. కానీ ఎదురుగా ఉన్నది పరాయి మనిషి. మా పిల్ల అబద్ధమాడిందని పరాయి మనిషి ముందు ఒప్పుకోవడమా? మా అమ్మ, ఇల్లు తగలబడుతుండగా చుట్టాలొస్తే ‘చలి కాచుకుంటున్నాం, మీరూ రండి’ అనే రకం. నేను ఆవిడ కూతుర్నే.

“అవునమ్మా, మా ఇంట్లో అన్నీ ఒక పద్ధతి ప్రకారం జరుగుతాయి” అన్నాను. అక్కడితో ఆగినా బాగుండేది. “తొందరేం లేదు, ఇంకో నెల పట్టినా మంచిదే” అని కూడా అన్నాను.

కందిరీగ ఆ చివరి గదిలో ఉంది. పొట్ట వేలాడేసుకుని ఉన్న గోధుమరంగు గుర్రానికి కుంచెతో మాలీషు చేస్తోంది. దాని అసలు పేరు ఏదో బారెడుంది. “మేం జమీందారు అంటాం” అని ఒకసారి ఇంట్లో చెప్పింది. వాడు కళ్ళు మూసుకుని, కింది పెదవి వేలాడదీసి, ఆ సేవ తనకు జన్మహక్కు అన్నట్టు నిలబడి ఉన్నాడు. పిల్ల వాడి చెవిలో ఏదో చెబుతోంది. ఇంట్లో మాతో వారమంతా మాట్లాడినన్ని మాటలు అక్కడ ఒక్కసారిగా వింటున్నాడు వాడు.

నన్ను చూసి చెయ్యి ఆగిపోయింది.

దాణా గదిలోకి తీసుకెళ్ళింది. గోనెసంచుల మీద కూర్చున్నాం.

“ఎవరెవరికి తెలుసు?” అన్నాను.

“నీకు.”

“ఇంకా?”

“జమీందారుకి.”

“ఎక్కాలని లేదా నీకు?”

“కింద నించుంటే ఎంత ఇష్టమో అమ్మమ్మా! జీను చూశానంటే కాలు ఇరుక్కున్నట్టే ఉంటుంది. ఇంకా ఎక్కకముందే. ఇక్కడ పట్టేస్తుంది.” చీలమండ చూపించింది. “అప్పుడూ అంతే. పడిన రోజు నుంచీ. అక్కడ ప్రతి క్లాసూ అలాగే చేశాను.”

“మరి చెప్పచ్చుగా మీ అమ్మకి?”

“చెబితే ఈ ఇల్లో?” నా మొహంలోకి చూసింది. “ఎందుకు మారాం మనం?”

జవాబు నా దగ్గర ఉంది. అది ఆ పిల్ల దగ్గర కూడా ఉంది.

“చెప్పనని ఒట్టెయ్యి.”

“ఒట్లు వెయ్యను. చెప్పను. చాలా?”

తలూపింది. తర్వాత నా చీరకు అంటుకున్న గడ్డి పరకలు ఒక్కొక్కటే ఏరింది. వాళ్ళమ్మ చూస్తే నేనెక్కడికి వెళ్ళానో తెలిసిపోతుందట. ముందుచూపు నా పోలికే.

మార్చి 1

నేను అబద్ధమాడలేదు. ఔనన్నాను. అంతే.

మార్చి 4

మోకాలు వాచింది. ఎలా వాచిందని అమ్మాయి అడిగింది. పెరట్లో నడిచానన్నాను.

ఇలా మొదలవుతుందన్నమాట.

మార్చి 7

భోజనాల దగ్గర అల్లుడుగారు గ్లాసు మీద చెంచాతో టింగుమని కొట్టారు. ఆయన అలా కొట్టారంటే ఎవరికో మంచి జరగబోతోందన్నమాట.

“మన టోపీ పెద్దమనిషి ఉన్నారే, ఆయన రోజూ చూస్తున్నారట. పాపంటే ఆ గోధుమరంగు గుర్రానికి ప్రాణమట. పాప అడుగు వినబడితే చెవులు నిక్కబొడుచుకుంటుందట. ‘ఇంత జత కుదిరాక నా దగ్గరెందుకు, మీరే తీసుకోండి’ అన్నారు. ఇరవై రెండో తారీకు ఆదివారం ఆయన ముందు పాప ఒకసారి స్వారీ చేసి చూపిస్తే, ఇక వాడు మనవాడే!”

మా అమ్మాయి చేతులు రెండూ నోటికి అడ్డం పెట్టుకుంది. సంతోషం.

కందిరీగ, “థాంక్స్ నాన్నా” అంది. చాలా మర్యాదగా. కాసేపు కంచంలో చెంచా అటూ ఇటూ తిప్పి, నిద్రొస్తోందని లేచి వెళ్ళింది.

“చూశారా అత్తయ్యగారూ, సంతోషంతో ముద్ద దిగడం లేదు.”

“చూశాను” అన్నాను.

ముందు నుయ్యి, వెనక గొయ్యి అంటారు. ఈ సామెత చెప్పినవాడికి మధ్యలో నిలబడడానికి చోటైనా దొరికినట్టుంది.

మార్చి 9

స్కూలు నుంచి వచ్చాక గదిలోకి పిలిచి చెప్పాను. “నువ్వే చెప్పు. నీ నోటితో చెబితే బాగుంటుంది.”

“ఆదివారం ఎక్కేస్తాలే అమ్మమ్మా. ఒక్కసారేగా.”

“ఒక్కసారి కాదే పిచ్చిదానా. ఎక్కావంటే గుర్రం కొంటారు. కొన్నారంటే రోజూ ఎక్కాలి.”

“అలవాటైపోతుంది.”

“అయిందా ఇన్నాళ్ళూ?”

పెన్సిలు చెక్కుకుంటూ కూర్చుంది. చెక్కి చెక్కి చివరికి పిసరంత మిగిల్చింది.

భయం బిగిసిన కాలు గుర్రం పక్కటెముకలను నొక్కుతుందట, గుర్రం దాన్ని పరిగెత్తమన్న సైగ అనుకుంటుందట. ఎక్కడో చదివాను. చదవకుండా ఉండవలసింది.

మార్చి 12

కళ్ళజోడు అద్దాలు మార్పించడానికి అమ్మాయి కారులో తీసుకెళ్ళింది. కారులో ఇద్దరమే. చెప్పేశాను. పిల్ల ఇక్కడికొచ్చాక గుర్రం ఎక్కడమే లేదని, పడిన రోజు నుంచి భయపడుతోందని, ఆదివారం స్వారీ ఆపించమని.

ఎర్ర దీపం దగ్గర కారు ఆపి, స్టీరింగు మీద చేతులు పెట్టి, నా వైపు చూడకుండా అంది: “అమ్మా, ఇదంతా ఎందుకో నాకు తెలుసు.”

“ఎందుకు?”

“నీకిక్కడ నచ్చలేదు.”

“నచ్చలేదు. అయితే?”

“అయితే చెప్పు. నచ్చలేదని తిన్నగా చెప్పు. పిల్లని అడ్డం పెట్టుకోకు.”

“నేను అడ్డం పెట్టుకుంటున్నానా?”

“వచ్చినప్పటి నుంచీ గాలి బాగాలేదంటావు, బస్సు లేదంటావు, బంతి పడిందంటావు. ఇప్పుడు ఇది. ఆయన ఎంత కష్టపడి ఈ ఇల్లు వెతికారో నీకు తెలుసా? నేను రోజూ ఎంత దూరం నడుపుకుంటూ వెళ్తున్నానో తెలుసా? ఎవరి కోసం?”

“అదే నేనూ అడుగుతున్నా.”

వెనక కారు హారన్ కొట్టింది. దీపం ఎప్పుడో పచ్చబడింది.

వాన వస్తుందని చెబితే గొడుగు తీసుకోని ఊరితో ముప్పై ఏళ్ళు వేగాను. అప్పుడెప్పుడూ నాకు కోపం రాలేదు. తడిసేది వాళ్ళు. ఇప్పుడు కోపం రావడానికి కారణం వేరే ఉంది. దాన్ని ఇక్కడ రాయకపోతే ఇంకెక్కడ రాస్తాను? ఆ రోజు దాణా గదిలో పిల్ల భయం సంగతి విన్నప్పుడు నా మనసులోకి మొట్టమొదట వచ్చిన మాట ‘అయితే వెనక్కి వెళ్ళిపోవచ్చు’. రెండో మాట ‘అయ్యో తల్లీ’. వరస అది.

మా అమ్మాయి నన్ను ఊరికే అనలేదు.

మార్చి 13

అమ్మాయి పిల్లని అడిగిందట. “నీకు భయమా బంగారం?” “లేదమ్మా.” “మరి అమ్మమ్మ...” “అమ్మమ్మకి ఇక్కడ తోచట్లేదమ్మా.”

తర్వాత కందిరీగ నా గుమ్మం దగ్గర నిలబడి, “చెప్పనన్నావు” అంది. తలుపు చప్పుడు కాకుండా వేసి వెళ్ళింది. ధడాలున వేసి ఉంటే బాగుండేది.

మార్చి 14

మాట్లాడదు.

మార్చి 16

మాట్లాడదు. నీళ్ళు కావాలా అంటే తలూపుతుంది. అల్లుడుగారు మాత్రం అతి మర్యాదగా మాట్లాడుతున్నారు. “అత్తయ్యగారికి మంచి కుర్చీ వేయండి.” విషయం ఆయన దాకా వెళ్ళిందన్నమాట.

మార్చి 18

పశ్చిమాన మబ్బు. ఆదివారానికి వాన పడాలి. తేమ పెరుగుతోంది, సాయంత్రాలు గాలి దిశ మారుతోంది. లెక్క ప్రకారం పడాలి.

మార్చి 19

లెక్క ప్రకారం పడదు. నిన్న నాకు కావలసిన అంకెలు మాత్రమే చూశాను. ఉద్యోగంలో ఉండగా ఇలా చేసి ఉంటే నాకు నేనే మెమో ఇచ్చుకునేదాన్ని.

మార్చి 21

పిల్ల పొద్దున వాంతి చేసుకుంది. స్కూల్లో ఏదో తిన్నదని తేల్చారు. నిన్న స్కూలే లేదు.

మార్చి 22, ఆదివారం

ఆకాశంలో మబ్బు తునక కూడా లేదు.

అక్షరాలు కోడి గెలికినట్టు వస్తున్నాయి. అయినా రాస్తాను.

అందరం వెళ్ళాం. ఇసుక మైదానం చుట్టూ కొయ్య కంచె. కంచె బయట బల్ల మీద టోపీ ఆయన. మధ్యలో జమీందారు. ఒంటి మీద జీను వేసేసరికి వాడు వేరే మనిషిలా ఉన్నాడు, పెళ్ళికి ముస్తాబైన తాలూకాఫీసు గుమాస్తాలా. పక్కన మూడు మెట్లున్న కొయ్య పీట. దాని మీదికెక్కి గుర్రం ఎక్కాలి. కందిరీగ హెల్మెట్ పెట్టుకుని నిలబడింది. పెదవులు ఏ రంగులోనూ లేవు.

గుర్రపు పంతులమ్మ కళ్ళెం పట్టుకుని అల్లుడుగారితో అంది: “రెండు నెలలు నిండలేదు కదండీ. అమ్మమ్మగారు ఒప్పుకున్నారా? ఇక్కడికొచ్చాక ఎక్కడం ఇదే మొదటిసారి కదా, మొదటి రోజే ఇంతమంది ముందు...”

“మొదటిసారా?” అన్నారు అల్లుడుగారు.

ఆయన పిల్ల వైపు చూశారు. అమ్మాయి నా వైపు చూసింది. నేను ఇసుక వైపు చూశాను. ఇప్పుడు బయటపడుతుంది, అయిపోయింది, అనుకున్నాను.

టోపీ ఆయన, “ఏమైంది?” అన్నాడు.

“ఏం లేదు, ఏం లేదు” అన్నారు అల్లుడుగారు. మొహం మీద నవ్వు అతికించుకుని, “ఈ గుర్రం మీద మొదటిసారి అంటున్నారు. అంతే. ఎక్కమ్మా” అన్నారు.

నా కడుపున పుట్టకపోయినా, అచ్చం నేను చేసిన పనే చేశారాయన. పరాయి మనిషి ముందు ఇల్లు చలి కాచుకుంటోంది.

కందిరీగ మొదటి మెట్టు మీద కాలు పెట్టింది.

“ఆగు. ముందు నేనెక్కుతాను” అన్నాను.

ఎందుకన్నానో ఇప్పటికీ తెలియదు. ఏదో ఒకటి అని కాసేపు జాప్యం చేద్దామనే తప్ప నా బుర్రలో ఏ ఆలోచనా లేదు.

“అమ్మా! నీ మోకాలు!”

“మా ఇంటి పద్ధతులన్నీ నేనే పెడతానట కదా. ఇది కూడా నా పద్ధతే. పెద్దవాళ్ళు ముందు.”

టోపీ ఆయనకు సరదా పుట్టింది. “భేష్! ఎక్కనివ్వండి. వాడు గొర్రెపిల్ల లాంటివాడు.” పంతులమ్మ నన్ను ఎగాదిగా చూసి, ఎవరిదో హెల్మెట్ తెచ్చి నా తలకు బిగించింది. నేను పట్టిందే పట్టు అని అర్థమై, “కళ్ళెం నా చేతిలోనే ఉంటుందమ్మా, అడుగు కూడా వెయ్యనివ్వను” అంది. చీర ఎగ్గట్టుకుని, ఆవిడ భుజం పట్టుకుని, అల్లుడుగారి చెయ్యి ఊతగా, మూడు మెట్లూ ఎక్కాను. కాలు అవతలికి వెయ్యడానికి ముగ్గురు కావలసొచ్చారు. అప్పటి దాకా అది హాస్యమే. నేను కూడా ఏదో అన్నాను, అందరూ నవ్వారు.

తర్వాత నేను పైన ఉన్నాను.

జమీందారు కదలలేదు పాపం. ఊపిరి తీసుకున్నాడంతే. ఆ ఊపిరికి నా కింద భూమి లేచి, దిగింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. కింద మొహాలు చిన్నవైపోయాయి. ఏదైనా ఒక మాట, పుల్లవిరుపు మాట, అనాలనుకున్నాను. అవి నాకు ఎప్పుడూ కరువు లేదు. నోట్లో నాలుక కదల్లేదు. వాడు ఒక చెవి వెనక్కి తిప్పాడు, నన్ను వింటున్నట్టు. నా కాళ్ళు వాడి పక్కలను బిగించి పట్టుకున్నాయి, వదలమంటే వదలవు. ఆ బిగువుకి వాడు పక్కకు ఒక్క అడుగు వేశాడు.

“దింపండి.”

అది నా గొంతు కాదు. చిన్నపిల్ల గొంతు.

“దింపండి. నాకు భయంగా ఉంది. నన్ను దింపండి.”

అల్లుడుగారు ముందు నవ్వారు, నేను ఇంకా హాస్యమాడుతున్నాననుకుని. తర్వాత నవ్వడం మానేశారు. నేను జూలు రెండు చేతులా పట్టుకుని ఏడుస్తున్నాను. డెబ్భై రెండేళ్ళ మనిషిని, టోపీ ఆయన ముందు, ముక్కు కారేలా. దించడానికి ఎక్కించినదానికంటే చాలాసేపు పట్టింది. వేళ్ళు ఒక్కొక్కటే విప్పవలసొచ్చింది. కొయ్య పీట మీద కూర్చోబెట్టారు. కాళ్ళు గడగడ కొట్టుకుంటున్నాయి.

కందిరీగ వచ్చి నా ముందు గొంతుక్కూర్చుంది. గుర్రం కాలు పట్టుకున్నట్టు, నా మోకాళ్ళు రెండూ అరచేతులతో గట్టిగా పట్టుకుంది.

“ఇప్పుడే ఆగదు అమ్మమ్మా. లేవకు. నాకైతే ఇంటికెళ్ళాక కూడా ఉండేది. అన్నం తిన్నాక తగ్గేది.”

అల్లుడుగారు దగ్గరే నిలబడి ఉన్నారు. “నీకా? ఎప్పుడు?”

“ఎప్పుడూ నాన్నా.” నా మోకాళ్ళ వైపే చూస్తూ చెప్పింది.

“మరి ఆ రోజు... పడ్డాక లేచి ఎక్కావుగా!”

“అందరూ చప్పట్లు కొడుతున్నారుగా. ఎక్కేదాకా ఆపేవాళ్ళలా లేరు.”

మా అమ్మాయి వచ్చి పిల్ల గడ్డం కింద హెల్మెట్ పట్టీ విప్పబోయింది. రోజూ ఇంతకంటే ఇరుకు చోట్ల పనిచేసే వేళ్ళు. ఆ పట్టీ మాత్రం ఎంతకీ రాలేదు. చివరికి పిల్లే విప్పుకుంది.

“అయితే గుర్రం సంగతి...” అన్నాడు టోపీ ఆయన.

“రేపు ఫోను చేస్తానండీ” అన్నారు అల్లుడుగారు.

ఇంటికొచ్చాక ఎవరి గదుల్లోకి వాళ్ళం వెళ్ళాం. ఇల్లంతా చెవులు రిక్కించుకుని ఉంది. రేపు ఫోనులో ఏం చెబుతారో? ‘పిల్లకి ఒంట్లో బాగాలేదు, వచ్చే ఆదివారం చూద్దాం’ అంటారా? అనగలరు. ఇవాళ ఉన్న నవ్వు రేపూ దొరుకుతుంది.

మార్చి 23

పిల్లని స్కూలు మానిపించారు. అమ్మాయి క్లినిక్కుకి ఆలస్యంగా వెళ్తానంది. ఆ రోజు కారులో అన్న మాట గురించి నాతో ఏమీ అనలేదు. నా మోకాలికి తనే నూనె రాసింది, అవసరమైనదానికంటే గట్టిగా.

పొద్దున నేను వంటింట్లో టీ పెట్టుకుంటుంటే, హాల్లో అల్లుడుగారు ఫోను పట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నారు. టోపీ ఆయనకే.

“నమస్కారమండీ... ఆ, నిన్న... అదే, మా అత్తయ్యగారి ఆరోగ్యం... మీరు చూశారుగా... ఆవిడకి ఈ వయసులో...”

నేను స్టవ్ తగ్గించాను. అననీ. నా ఆరోగ్యాన్ని ఎన్నిటికైనా వాడుకోవచ్చు, ఇంకెందుకు పనికొస్తుంది అది? ఈ సాకుతో ఒక నెల గడుస్తుంది. మళ్ళీ నెల ఇంకో సాకు చూసుకోవచ్చు.

ఆయన తిరగడం ఆపేశారు.

“కాదండీ. ఆవిడ బాగానే ఉన్నారు. మా అమ్మాయికి భయం.”

అవతల ఆయన ఏదో అంటున్నాడు. చాలాసేపు అన్నాడు. గోల్ఫ్ ఆడేవాళ్ళు పొడుగ్గా మాట్లాడతారు.

తలుపు సందులోంచి మెట్లు కనబడుతున్నాయి. కందిరీగ మూడో మెట్టు మీద కూర్చుని ఉంది. నోట్లో రొట్టె ముక్క. బుగ్గ ఉబ్బి ఉంది. నమలడం మరిచిపోయి వింటోంది.

“లేదండీ” అన్నారు అల్లుడుగారు. “నాలుగు రోజులకి పోతుందని నేననుకోవట్లేదు... పోకపోయినా మాకేం ఫర్వాలేదండీ.”

అప్పుడు నమిలింది.